అన్నం తినేవాళ్ల టోపీ

టోకెన్ నలభై ఏడు. గోడ మీద ఎర్ర అంకె ముప్పై తొమ్మిది దగ్గర ఆగి చాలాసేపయింది, లోపల ఎవరిదో తెగని పంచాయితీ ఉన్నట్టుంది, లేదంటే అధికారి ఖహ్వా తాగుతున్నాడేమో, తాగనీ పాపం, తొందరేముంది, ఆ అంకె సాయంత్రం దాకా అక్కడే నిలబడిపోయినా మస్తాన్ వలీకి ఏ అభ్యంతరమూ లేదు. సౌదీలో ఈ ఖఫ్జీ లేబర్ ఆఫీసుకు ఆయన పందొమ్మిదేళ్లలో ఎన్నోసార్లు వచ్చాడు, ఎప్పుడు వచ్చినా ఎవరివో కాగితాలు మోసుకుంటూ వచ్చాడు. కంపెనీలో టైమ్‌కీపర్ ఆయన, ఎవడు ఎన్నింటికి పనిలోకి దిగాడో ఎన్నింటికి బయటికొచ్చాడో రాయడం ఆయన పని, ఆ రాతలో ఇంతవరకు ఒక్క తప్పు పట్టినవాడు లేడు. ఈరోజు మాత్రం కాగితాలు మోసుకురాలేదు, తననే ఒక కాగితంలా మడిచి జేబులో పెట్టుకుని తెచ్చినట్టు వచ్చాడు. ఈరోజు ఆయన సాక్షి. లోపలికి పిలుస్తారు, ఒక ప్రశ్న అడుగుతారు, ఆ ప్రశ్న ఏమిటో వారం నుంచీ తెలుసు, జవాబు కూడా తెలుసు, ఆ జవాబులో అబద్ధం ఆవగింజంత లేదు. మరి ఈ అరచేతులు ఎందుకు ఇలా చెమట పడుతున్నాయి, బయట ఫిబ్రవరి పొగమంచు ఇంకా రోడ్డు మీంచి లేవనే లేదు.

టక్, టక్. ఎవరో గోడవతల తట్టినట్టు రెండుసార్లు. తల తిప్పి చూశాడు, ఏమీ లేదు, పాత ఏసీ యంత్రం దాని మానాన అది నోరు కొట్టుకుంటోంది. చలికాలంలో కూడా ఏసీ వేస్తారు వీళ్లు, వేసవిలో అయితే సరే, వేసవి అనగానే మనసు అటు పోబోయింది, వెనక్కి లాగాడు. ఎదుటి గోడ మీద ఐదారు భాషల్లో పెద్ద పోస్టర్ ఉంది, దాని మీదికి చూపు తోలాడు. అరబ్బీలో చదివాడు, తర్వాత ఉర్దూలో చదివాడు, రెండింట్లోనూ ఒకటే ఉంది, పనివాళ్ల మధ్య ఏ రకమైన తేడా చూపించినా చట్టం ఒప్పదు. దాని పక్కనే ఇంకొకటి, ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు ఎవరినీ ఎండలో పని చేయించకూడదు. బొమ్మ కూడా వేశారు, సూర్యుడు, సూర్యుడి కింద హెల్మెట్ పెట్టుకున్న మనిషి, వాడి మీద అడ్డంగా ఎర్ర గీత. ఆ బొమ్మలో హెల్మెట్ పసుపు రంగుది. చూపు మళ్లీ టోకెన్ అంకె మీదికి తెచ్చుకున్నాడు.

హాలుకు ఆ చివర, తలుపు పక్కన, యాదగిరి కూర్చున్నాడు. ఫిర్యాదు పెట్టింది అతనే. జగిత్యాల దగ్గరి మనిషి, పరంజా కట్టే పని, మాట తక్కువ, పట్టు ఎక్కువ. ఒంటరిగా వచ్చాడు, వకీలూ లేడు, దోస్తూ లేడు, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు పడ్డ అర్జీ. పొద్దున వలీ లోపలికి రాగానే లేచి నిలబడ్డాడు. కంపెనీ తరఫు సాక్షికి ఫిర్యాదీ లేచి నిలబడడం ఎక్కడైనా ఉందా? అలవాటు, పదేళ్ల అలవాటు, వలీ సాబ్ వస్తే లేవాలి, ఊళ్లో నుంచి ఫోనొస్తే వలీ సాబ్‌కు చెప్పాలి, ఆస్పత్రిలో అరబ్బీ అర్థం కాకపోతే వలీ సాబ్‌ను పిలవాలి. వలీ, "చాయ్ తాగితివా యాదగిరీ" అన్నాడు. "తాగిన సాబ్," అన్నాడు యాదగిరి. నేల చూస్తూ, "నువ్వు అబద్ధం చెప్పవని నాకెర్కనే సాబ్. గందుకే బుగులైతుంది" అన్నాడు. అని భయంభయంగానే పోయి తన కుర్చీలో కూర్చున్నాడు. ఇంకేదైనా అని ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది.

అసలు ఇందులో తన తప్పేముంది? మొదటి నుంచీ చూసుకుందాం, వరసగా, హాజరు పట్టీలాగా. ఆ రోజుల్లో సర్కారు నితాఖాత్ అని మొదలుపెట్టింది, ఇంతమంది సౌదీలకు ఉద్యోగాలిస్తే కంపెనీ ఆకుపచ్చ, తగ్గితే పసుపు, ఇంకా తగ్గితే ఎరుపు. హెచ్చార్ తబ్రేజ్ ఆ రంగుల చార్టు తెచ్చి ఆఫీసు గోడకు అంటించాడు. అది చూస్తూ చూస్తూ ఉండగా వలీకి ఒక ఉపాయం తట్టింది, తట్టకుండా ఉంటే ఏం పోయేది, కానీ తట్టింది. క్యాంపు మెస్‌లో రోజూ గొడవ, అన్నం మిగిలిపోవడమో రొట్టెలు చాలకపోవడమో, వంటవాళ్లు తనమీద పడడమో. పొద్దున గేటు దగ్గర నాలుగు వందల మందిని, నువ్వు అన్నమా నువ్వు రొట్టా అని ఎవడు అడుగుతాడు? అందుకని పనివాళ్ల హెల్మెట్ టోపీలకు రంగులు పెట్టాడు. అన్నం తినేవాళ్లకు పసుపు, అంటే మనవాళ్లు, తమిళులు, మలయాళీలు, బంగ్లాదేశ్ వాళ్లు, సిలోన్ వాళ్లు. గోధుమ రొట్టెల వాళ్లకు ఆకుపచ్చ, అంటే పాకిస్తాన్ వాళ్లు, ఉత్తరాది వాళ్లు. అరబ్బు దేశాల వాళ్లు ఖుబూస్ అనే తమ రొట్టె తింటారు, వాళ్లకూ ఆఫీసు వాళ్లకూ తెలుపు. గేటు దగ్గర నిలబడి టోపీలు లెక్కపెట్టి మెస్‌కు ఫోన్ చేస్తే సరి. ఒక్క మెతుకు వృథా కాలేదు ఆ తర్వాత. మేనేజరు సర్టిఫికెట్ ఇచ్చాడు, భార్య సాబేరా దాన్ని ఫ్రేము కట్టించి టీవీ పైన పెట్టింది. సర్క్యులర్ కింద సంతకం తనదే, ఎం. మస్తాన్ వలీ, టైమ్‌కీపర్, అందంగా ఉంటుంది తన సంతకం.

ఆ సంతకమే ఇప్పుడు లోపల తబ్రేజ్ ఫైల్లో ఉంది. తబ్రేజ్ హైదరాబాదు కుర్రాడు, కుర్రాడనడానికి నలభై దాటాయి, చెడ్డవాడు కాదు, భయం ఉన్నవాడు, భయం ఉన్నవాడు ఏ వైపు నెడితే ఆ వైపు మంచివాడే. ఇందాక వచ్చి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేశాడు. "వలీ భాయ్, టెన్షన్ ఏం లేదు. కలర్స్ దేనికంటే మెస్ కోసం, బస్. మీ సిగ్నేచర్ మీరు కన్ఫర్మ్ చేస్తున్నరు, అంతే కదా. ట్రూత్ చెప్తున్నరు. నేషనాలిటీ ఇష్యూ లేదంటే కేసే లేదు." చెయ్యి తీయకుండానే గొంతు తగ్గించి, "మీ ఇఖామా ఎక్స్‌పైర్ అయి ట్వెంటీ డేస్ అయింది, నాకు గుర్తుంది. సెషన్ అయిపోంగనే నేనే సిస్టంలో ఎంటర్ చేస్తా. ప్రామిస్" అన్నాడు. ఇఖామా అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, అది లేనివాడు రోడ్డు మీద పోలీసు కనపడితే సందు వెతుక్కోవాలి. కార్డు తనదొక్కటే అయితే పీడా పోయె, దాని వెనకాల సాబేరా కార్డు, కూతురు ఖాలిదా కార్డు వేలాడుతున్నాయి, ఖాలిదాకు వచ్చే నెల పదో తరగతి పరీక్షలు. కుటుంబంలో తల తలకూ కట్టే లెవీ ఏటా పెరుగుతోంది, ఎదురింటి కాదర్ మొహిద్దీన్ పెళ్లాం పిల్లలను ఎప్పుడో పంపించేశాడు, ఆ ఇంటి కిటికీలో ఇప్పటికీ పిల్లలు అంటించిన కాగితం నక్షత్రం ఉంది. ఇక్కడ ఒక్క మాట అటూ ఇటూ అయితే తన కిటికీ కూడా అంతే. ఫైనల్ ఎగ్జిట్ అని ఒక ముద్ర పడితే పందొమ్మిదేళ్లు నాలుగు అట్టపెట్టెల్లో సర్దుకోవాలి.

అంకె నలభై రెండు. ఎవరో లేచి వెళ్లారు. టక్, టక్. ఏసీయే. ఏసీయే అని ఒకటికి రెండుసార్లు చెప్పుకున్నాడు.

పసుపు టోపీ వాళ్లను ట్యాంకు లోపలికి పంపమని తను చెప్పాడా? ఎవరైనా చూపించండి ఆ కాగితం. తను అన్నం లెక్కపెట్టుకోవడానికి పెట్టిన రంగు, అది అరబ్బు ఫోర్‌మన్ కంటికి ఇంకోలా కనపడింది. ఆయనకు పేర్లు పలకవు, హన్మాండ్లు, సదానందం, నబీ రసూల్, ఎందుకొచ్చిన తిప్పలు, పసుపు అని అరబ్బీలో "అస్ఫర్!" అంటే చాలు, పసుపు వాళ్లంతా కదిలి వస్తారు. మొదట బరువులు మోయడానికి అస్ఫర్. తర్వాత మురికి కాలువకు అస్ఫర్. ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు, గుర్తుండేంత పెద్దగా ఏ రోజూ జరగలేదు, రోజుకు కొంచెం కొంచెం. నిరుడు జూలైకి వచ్చేసరికి నూనె ట్యాంకు లోపలికి అస్ఫర్. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని చట్టం ఉంది కదా, ఖాళీ చేసిన ట్యాంకు లోపల ఎండ ఎక్కడిది? పైన ఇనుప కప్పు ఉంది, చుట్టూ ఇనుప గోడ ఉంది, చట్టానికి గీత కూడా పడలేదు. ఆకుపచ్చ వాళ్లూ తెల్ల వాళ్లూ ఏసీ గదిలో నడుము వాల్చేవాళ్లు, పసుపు వాళ్లు ఆ ఇనుప గుండంలో అడుగున పేరుకున్న మడ్డి గీకేవాళ్లు. తలుపు దగ్గర గొడుగు కింద కుర్చీ వేసుకుని వలీ పేర్లు రాసేవాడు. అంతా చూస్తూనే రాసేవాడు. ఒక్కరోజు కూడా పెన్ను ఆపలేదు.

అది తప్పు కాదా? ఆగు. ఒకసారి తబ్రేజ్‌తో అన్నాడు, అనలేదని కాదు, "ఏమబ్బా, ఎప్పుడూ ఈళ్లేనా లోపలికి?" అని. నవ్వుతూ అన్నాడు, అన్నట్టూ ఉండాలి అననట్టూ ఉండాలి అని. తబ్రేజ్ కూడా నవ్వాడు. "హీట్ అలవాటు భాయ్ వాళ్లకు." రాయచోటి ఎండల్లో పుట్టిన తనకు అలవాటు లేదా మరి, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి మళ్లీ లోపలికి పోయింది.

హన్మాండ్లుకు ఒక అలవాటుండేది. మోర్తాడు వైపు మనిషి, నలభై నాలుగేళ్లు, బీడీ మానేసి సోంపు నమిలేవాడు. ట్యాంకు తలుపు గుండ్రంగా ఉంటుంది, ఒంగి దూరాలి, దూరే ముందు వేళ్లు మడిచి తన టోపీ మీద తనే రెండుసార్లు కొట్టుకునేవాడు, టక్ టక్. "గదేందిరా" అని ఎవరైనా అడిగితే, "లోపటున్నోళ్లకు మనం అస్తున్నమని చెప్పొద్దా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఆ రోజు కూడా కొట్టుకున్నాడు. దానికి ముందు తన కుర్చీ దగ్గర ఆగాడు, సీసాలో నీళ్లు తాగాడు, మూతి తుడుచుకుని ఒక మాట అడిగాడు, తను నవ్వి ఊరుకున్నాడు. రాశాడు, హన్మాండ్లు, లోపలికి, పన్నెండూ ఇరవై. రెండింటికి నలుగురు మోసుకొచ్చారు. ఇసుక మీద పడుకోబెట్టి నీళ్లు కొడుతుంటే ఆ నీళ్లు కూడా వేడిగానే ఉన్నాయి. టోపీ దొర్లిపోయి వలీ కుర్చీ కాలికి ఆనుకుని ఆగింది. కాగితాల్లో గుండె ఆగిందని రాశారు. అందరికీ చివర్లో ఆగేది గుండే కదా.

శవపెట్టె ఊరికి పంపిన తర్వాత పోచవ్వ ఫోన్ చేసింది, హన్మాండ్లు భార్య. ఎవరి నంబరూ తెలియక వలీకే చేసింది. ఏడవలేదు, ఏడ్చి ఏడ్చి గొంతు అరిగిపోయినట్టుంది. "సారూ, మా ఆయన ఆఖరుకు ఏమన్న అన్నడా? నా ముచ్చటగాని పిల్లగాండ్ల ముచ్చటగాని, ఏదన్న ఒక్క మాట?" వలీ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడప్పుడు. "ఏం అనలేదమ్మా" అన్నాడు. "ఏం అనలేదా" అంది ఆమె. "లేదమ్మా, పనిలో ఉన్నాడు గదా." ఆమె ఇంకాసేపు ఫోను పట్టుకునే ఉంది, ఊపిరి వినపడుతూనే ఉంది, తర్వాత పెట్టేసింది. జీవితంలో తన నోటితో చెప్పిన పచ్చి అబద్ధం అదొక్కటే. యాదగిరికి ఇది తెలియదు. తెలియక, నువ్వు అబద్ధం చెప్పవు సాబ్ అంటాడు.

అప్పటి నుంచే అన్నం గొంతు దిగడం మానేసింది. పళ్లెంలో అన్నం చూస్తే టోపీల వరస కనపడుతుంది. సాబేరాకు ఏదో ఒకటి చెప్పి రొట్టెలకు దిగాడు. "రొట్టె మీకు అరగదు గదా, ఏమైందండీ మీకు, ఎవరన్నా డాక్టరు చెప్పినాడా?" అని నెల రోజులు అడిగింది, తర్వాత అడగడం మానేసి చేసి పెడుతోంది. ఒకసారి మాత్రం పళ్లెం పక్కన తన చేతి మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. "ఏంది అట్ల కొడతాండారు?" అంది. తను వేళ్లు మడిచి బల్ల మీద కొడుతున్నాడట, రెండేసి సార్లు, ఎప్పటినుంచో ఏమో. ఈ పొద్దున చొక్కా ఇస్త్రీ చేసి ఇస్తూ ఆమె ముఖంలోకి చూడకుండా, "అడిగిందానికి చెప్పి వచ్చేయండి. ఎక్కువ మాట్లాడద్దండి, పాప పరీక్షలు" అంది. ఆ మాటలో భయం ఎంత ఉందో ప్రేమా అంతే ఉంది, ఆమెను ఏమనగలడు?

హన్మాండ్లు పోయిన వారానికే మళ్లీ మధ్యాహ్నం అస్ఫర్ అని కేక పడింది. అందరూ లేచారు. యాదగిరి లేవలేదు. "అందరిని పంపుండ్రి, నేనూ వోత. మమ్ములనే అయితే వోను" అన్నాడు. తెలుగులోనే అన్నాడు, ఫోర్‌మన్‌కు అర్థం కాలేదు, వలీని చెప్పమన్నాడు. వలీ, "ఒంట్లో బాగాలేదంటున్నాడు" అని అరబ్బీలో చెప్పాడు. కాపాడదామనే అలా చెప్పాడు. తర్వాత లెవీ భారమని కంపెనీ పందొమ్మిది మందిని తీసేసింది, అలా కోసి కోసి నితాఖాత్ చార్టులో పసుపులోంచి మళ్లీ ఆకుపచ్చలోకి ఎక్కింది. పందొమ్మిదీ పసుపు టోపీలే, మొదటి పేరు యాదగిరిది, కారణం తరచూ అనారోగ్యం. తను కాపాడిన మాటే అతని మెడకు చుట్టుకుంది. మిగతా పద్దెనిమిది మంది విమానం ఎక్కి వెళ్లిపోయారు, ఇతను వెళ్లకుండా పోయి అర్జీ పెట్టాడు, జాతిని చూసి పని పంచారు, జాతిని చూసి తీసేశారు అని. అర్జీ పడిన మర్నాడే స్టోరు నుంచి కొత్త టోపీలు దిగాయి, అందరికీ తెల్లవే. పాతవి లారీలో పోయాయి, ఎక్కడికో ఎవరూ అడగలేదు. రంగులు లేవు ఇప్పుడు, రంగులున్నాయని చెప్పడానికి మిగిలింది ఆ ఒక్క సర్క్యులర్, అందులో జాతి పేరు ఒక్కటీ లేదు, అన్నం రొట్టె తప్ప.

నలభై ఏడు.

గది చిన్నది. అధికారి పడుచువాడు, మర్యాదస్తుడు, కూర్చోమని చేత్తో చూపించాడు. ఒక పక్క తబ్రేజ్, ఇంకో పక్క యాదగిరి, మాట తెలియక పెదాలనే చూస్తున్నాడు. అధికారి సర్క్యులర్ ముందుకు జరిపి, సంతకం నీదేనా అని అడిగాడు. నాదే అన్నాడు వలీ. ఈ రంగులు దేనికోసం పెట్టారు? వచ్చింది ఆ ప్రశ్న. "మెస్ కోసం. అన్నం తినేవాళ్లకు పసుపు, రొట్టె తినేవాళ్లకు ఆకుపచ్చ," అన్నాడు అరబ్బీలో. దేశాన్ని బట్టి కాదా? "రాసినప్పుడు కాదు." తబ్రేజ్ కుర్చీలో వెనక్కి వాలాడు. అధికారి రెండు వరసలు రాసుకున్నాడు, చదివాడు, ఇక అయిపోయినట్టే, సంతకం పెట్టమని కాగితం తిప్పబోతూ ఏదో ఆలోచిస్తూ పెన్ను బల్ల మీద కొట్టాడు. టక్, టక్.

ఇప్పుడు ఏసీ కాదు. వలీ ఆ పెన్నునే చూశాడు. ట్యాంకు తలుపు దగ్గర గొడుగు, గొడుగు నీడ, నీడ అంచున చెప్పుల్లేని రెండు పాదాలు, కాదు, బూట్లు, దుమ్ము కొట్టుకుపోయిన బూట్లు, సీసా మూత తిప్పుతున్న చప్పుడు. ఏడు నెలలుగా తలుపేసి పెట్టిన మాట, పోచవ్వకు ఇవ్వకుండా దాచుకున్న మాట, దానంతట అదే నడిచి వచ్చింది, సోంపు వాసనతో సహా. *వలీ సాబ్, మీరు గూడ మా తీర్గ అన్నమే తింటరు గదా. మరి మీ టోపీ గట్ల తెల్లగెందుకున్నది?* ఎకసెక్కంగానే అడిగాడు, కోపం లేదు అందులో, జవాబు కోసం ఒక్క క్షణం ఆగాడు కూడా. తను నవ్వాడు. అతను టోపీ మీద రెండుసార్లు కొట్టుకుని ఒంగి లోపలికి పోయాడు.

అధికారి కాగితం ముందుకు తోశాడు. వలీ పెన్ను తీసుకోలేదు. "నేనూ అన్నమే తింటాను" అన్నాడు.

అధికారి అర్థం కానట్టు చూశాడు. తబ్రేజ్ ముందుకు వంగి, "వలీ భాయ్" అన్నాడు మెల్లగా, బతిమాలినట్టు.

"పుట్టినప్పటి నుంచీ అన్నమే తింటాను" అన్నాడు వలీ మళ్లీ, అరబ్బీలో, ఒక్కో మాటా విడివిడిగా. "రంగులు పెట్టింది నేనే. నా టోపీ మాత్రం మొదటి రోజు నుంచీ తెల్లది. మధ్యాహ్నం నన్నెవరూ ట్యాంకులోకి పొమ్మనలేదు. పసుపు వాళ్లనే పొమ్మన్నారు, ప్రతిరోజూ, పేర్లు రాసింది నేను, ఆ పట్టీలన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. ఈ యాదగిరికి అనారోగ్యం లేదు, ఆ మాట కల్పించింది కూడా నేనే. అతను అన్నది వేరు." అంటుంటే సాబేరా ముఖం కనపడింది, ఖాలిదా పుస్తకాలు, ఎదురింటి కాగితం నక్షత్రం, అన్నీ ఒక్కసారే కనపడ్డాయి, అయినా నోరు ఆగలేదు. యాదగిరి అటూ ఇటూ చూస్తున్నాడు, తన పేరు ఒక్కటే అర్థమైంది అతనికి.

అధికారి సర్క్యులర్ వెనక్కి లాక్కుని మళ్లీ చదివాడు. "నీ టోపీ తెల్లగా ఎందుకుందని ఇంతవరకూ ఎవరూ అడగలేదా?" అన్నాడు చివరికి.

"ఒకతను అడిగాడు."

"ఎవరతను? పిలిపించగలవా?"

వలీ తల అడ్డంగా ఊపాడు. అధికారి పెన్ను తిరిగి చేతిలోకి తీసుకుని, కొత్త కాగితం పైన పెట్టుకుని, పేరు చెప్పమన్నాడు. చెప్పాడు. ఆ పేరు ఆయనకు పలకలేదు, రెండుసార్లు తప్పు రాసి కొట్టేశాడు. వలీ కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆ పొడుగాటి తెలంగాణ పేరును అరబ్బీలో ఒక్కో అక్షరం చెప్పడం మొదలుపెట్టాడు. దాని పక్కన వేయాల్సిన వేళ కూడా చెప్పాడు, లోపలికి, పన్నెండూ ఇరవై.